మీ కుక్క, మీ కెమెరా – 3వ పాఠం: గోనెపట్టా మీద నిలకడ

మొదటి పాఠంలో మెడపట్టీ, తాడు అలవాటు చేశాం. రెండో పాఠంలో ‘భేష్’ అన్న మాట వినబడితే వెంటనే నోట్లో తిండి ముక్క పడుతుందని కుక్కకి నమ్మకం కలిగించాం. ఆ నమ్మకం ఇంకా కుదరని వాళ్లు ఈ పాఠం మొదలుపెట్టకండి. పరీక్ష తేలికే. కుక్క గుమ్మం వైపు చూస్తున్నప్పుడు మామూలు గొంతుతో ‘భేష్’ అనండి. తల ఠక్కున మీవైపు తిరిగిందా, పాసైనట్టే.

ఈ వారం ఫోటోలు తీయం. కెమెరా బయటికి వస్తుంది గానీ, అది కుక్క చూడటానికి, వాసన పట్టడానికి. ఫోటోగ్రాఫర్ ఎంత గొప్పవాడైనా, బెదిరిన కుక్క మొహంలోంచి మంచి ఫోటో రాబట్టలేడు. ఆ మొహం బాగుండాలంటే పని ముందే జరగాలి, ఇంట్లో, తీరిగ్గా.

పాత బియ్యం గోనె ఒకటి తీసుకుని నాలుగు మడతలు వేసి నేలమీద పరవండి. ఖరీదైన పరుపులు అక్కర్లేదు. గోనెకి ఇంటి వాసన ఉంటుంది, చుట్టి సంచీలో పెట్టుకుని ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు, కాళ్ల కింద జారదు. కుక్కని దాని మీదకి లాగొద్దు, నెట్టొద్దు. పట్టా దగ్గర మీరు ఊరికే నిలబడండి. ఒక కాలు దాని మీద పడగానే ‘భేష్’, ముక్క. రెండు కాళ్లు పడితే ‘భేష్’, ముక్క. ముక్క మాత్రం చేతిలోంచి కాదు, పట్టా మీద పెట్టి ఇవ్వండి. అలా ఇస్తే మంచిదంతా ఆ గోనె మీదే దొరుకుతుందని దానికి లెక్క కుదురుతుంది. పట్టా పరవడం ఆలస్యం, పరిగెత్తుకొచ్చి కూర్చునే స్థితి వచ్చాకే తర్వాతి మెట్టు.

మన ఆంధ్రా–ఒడిశా సరిహద్దు ఇళ్లలో ఉండే చిక్కు ఒకటుంది. అమ్మ ‘కూర్చో’ అంటుంది, పక్కింటి ఒడియా మామ ‘బొస’ అంటాడు, చదువుకుంటున్న పిల్లవాడు ‘సిట్’ అంటాడు. కుక్క మూడూ నేర్చుకోగలదు, కానీ నేర్చుకునే వారంలో కాదు. ఏ మాట వాడాలో రాత్రి భోజనాల దగ్గర తేల్చుకుని, పక్కింటి మామకి కూడా చెప్పండి. లేవడానికి ‘పద’ సరిపోతుంది. ‘పద’ అనేదాకా పట్టా మీదే.

ఇప్పుడు ముక్కల సంగతి. బిస్కెట్లు వద్దు. నమిలేటప్పుడు పొడి రాలుతుంది, కుక్క నేల నాకుతూ కూర్చుంటుంది, మూతికి అంటిన పొడి ఫోటోలో కనిపిస్తుంది. ఉడకబెట్టిన చికెన్‌గానీ గుడ్డు తెల్లసొనగానీ శనగగింజంత ముక్కలు చేసుకోండి. గుటుక్కున మింగి మళ్లీ మీవైపే చూస్తుంది. కూరలోని ముక్క కడిగి పెట్టేస్తే సరిపోదా అంటారు, సరిపోదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం, ఆ రసం ముక్కలోకి దిగిపోయి ఉంటుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా అంతే. పాఠంలో తిన్నంత మేర రాత్రి గిన్నెలో తగ్గించండి.

నిలకడ దగ్గర తొందరపడేవాళ్లే ఎక్కువ. ఒకటి లెక్కపెట్టి ముక్క, మూడు లెక్కపెట్టి ముక్క, ఐదు, మళ్లీ రెండు, ఏడు, మళ్లీ ఒకటి. ఎప్పుడూ పెంచుకుంటూ పోతే కుక్క విసుగెత్తి లేచిపోతుంది. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి, తిరిగి దాని దగ్గరకే వెళ్లి ముక్క ఇవ్వండి. ఇక్కడే పిల్లలు చెడగొడతారు.

“నాన్నా, ఇటు చూడట్లేదు, పిలవనా?”

“వద్దురా. పిలిస్తే లేచి వచ్చేస్తుంది. కదలకుండా ఉంటే మనమే దాని దగ్గరకి వెళ్తామని తెలియాలి దానికి.”

ఐదారు అడుగుల దూరం నుంచి పది లెక్కపెట్టేదాకా ఉంటే ఇంట్లో పని అయినట్టే. అప్పుడు గోనెని సగానికి మడవండి, మర్నాడు ఇంకొంచెం కత్తిరించండి. చివరికి అరచేతంత ముక్క మిగలాలి. షూటింగ్ రోజు ఆ ముక్కని గడ్డిలోనో ఇసుకలోనో పైకి కనపడకుండా సర్దుతాం. కుక్క మాత్రం దాన్ని వాసనతో పట్టుకుని సరిగ్గా మనకి కావాల్సిన చోటే నిలబడుతుంది.

కెమెరా దగ్గరకి వద్దాం. మొదటిరోజు దాన్ని పట్టా పక్కన నేలమీద పెట్టి వదిలేయండి. వాసన చూస్తే ‘భేష్’. రెండోరోజు చేతిలో, నడుము ఎత్తులో. మూడోరోజు మొహం దాకా ఎత్తి వెంటనే దించేయండి. కుక్కల్లో రెప్ప వేయకుండా సూటిగా చూడటం బెదిరింపు. మీ మొహం మాయమై ఆ చోట గుండ్రటి నల్లటి అద్దం కనబడితే, మీరు పెంచిన కుక్కే అయినా అనుమానిస్తుంది. శబ్దం విషయంలో ఫోన్ వాళ్లకి బాధ లేదు, ఆపేయొచ్చు. పెద్ద కెమెరా ‘టక్’ మంటుంది కాబట్టి, కుక్క అన్నం తినేటప్పుడు పక్క గదిలోంచి నొక్కుతూ రోజూ కాస్త దగ్గరకి జరగండి. ఫ్లాష్ అసలు వద్దు. కుక్క కంటి వెనక వెలుతురుని తిరగకొట్టే పొర ఉంటుంది, ఫ్లాష్ పడితే కళ్లు పచ్చగా మండినట్టు వస్తాయి.

ఈ మెట్టులో మీ చూపు కెమెరా మీద కాదు, కుక్క మూతి మీద ఉండాలి. కెమెరా లేవగానే, అంతదాకా తెరిచి ఉన్న నోరు మూసుకుంటుంది. వగర్పు ఒక్క క్షణం ఆగుతుంది. నాలుక కొస ముక్కుని తాకి లోపలికి పోతుంది, అక్కడ తిండేమీ లేకపోయినా. తల పక్కకి తిప్పుతుంది, చూపు మాత్రం కెమెరా మీదే ఉండటంతో కంటి తెలుపు ఒక వైపు నెలవంకలా బయటపడుతుంది. ఆ తర్వాత ఆవలింత. నిద్ర వల్ల వచ్చింది కాదది. చాలామంది సరిగ్గా అప్పుడే ‘అయ్యో పాపం, సిగ్గుపడుతోంది’ అని మురిసిపోతూ బటన్ నొక్కుతారు. అది సిగ్గు కాదు, టెన్షన్. కెమెరా దించండి, రెండు అడుగులు వెనక్కి వెళ్లండి, నిన్నటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. గొంతు పెంచినా, మెడపట్టీ పట్టి సరిచేసినా వారం పని ఆవిరైపోతుంది.

చెవులు నిక్కించే శబ్దం, అంటే కీచుబొమ్మగానీ నాలుకతో చేసే చప్పుడుగానీ, ఈ వారం వాడకండి. కొత్తగా ఉన్నంతసేపే దానికి విలువ. చూపు కోసం లెన్స్ పైన పట్టే బంతి నీలం రంగులోనో పసుపు రంగులోనో కొనండి. కుక్క కంటికి ఆ రెండు రంగులే బాగా తెలుస్తాయి. బజార్లో ఎక్కువగా దొరికే ఎర్ర బంతి పచ్చగడ్డి మీద దానికి సరిగా ఆనదు.

మీలో కొందరి గురి గోపాల్‌పూర్ బీచ్ అని తెలుసు. బరంపురం నుంచి సుమారు 15 కిలోమీటర్లే కదా అని తిన్నగా వెళ్లిపోకండి. ఇసుక, గాలి, అల చప్పుడు, వేరుశనగలమ్మే వాళ్ల కేకలు, ఇవన్నీ ఒకేసారి మీదపడితే ఇంట్లో నేర్చినదంతా పోతుంది. ముందు పెరట్లో, తర్వాత వీధి అరుగు మీద, ఆపైన జనం పలచగా ఉన్న చోట. పర్లాకిమిడి వాళ్లకి మహేంద్రతనయ ఒడ్డు, జయపురం వాళ్లకి జగన్నాథ సాగర్ గట్టు చాలు. చోటు మారిన ప్రతిసారీ లెక్క ఒకటి నుంచే మొదలు.

బీచ్‌కి ఏ పూట వెళ్లాలన్నది ఇప్పుడే నిర్ణయించుకోండి. మనది తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు కాబట్టి వెనకాల సముద్రం పెట్టి తీస్తే కుక్క నల్లటి నీడలా వస్తుంది. వెనక అలలు, మొహం మీద వెలుతురు రెండూ కావాలంటే సాయంత్రం వెళ్లండి. పొద్దునే కుదురుతుందంటే కుక్క మొహం సముద్రం వైపు తిప్పి, మీరు నీళ్ల వైపు నిలబడండి. ఏ పూటైనా ఇసుక మీద అరచేతి వెనక భాగం ఆనించి చూడండి. మీరు ఏడు సెకన్లు ఓర్చుకోలేకపోతే దాని పాదాలు కూడా ఓర్చుకోలేవు. తాగడానికి ఇంటి నీళ్లు పట్టుకెళ్లండి, ఉప్పునీళ్లు తాగితే వాంతులు.

తాడు విప్పొద్దు. గంజాం తీరంలో, ముఖ్యంగా ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలాదిగా వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్లు తవ్వి తినే వాటిలో కుక్కలూ ఉన్నాయి. ఆ నెలల్లో కుక్కతో అటువైపు వెళ్లకపోవడమే మంచిది. సన్నటి తాడు కెమెరాకి అవతలి వైపు నుంచి పట్టుకుంటే ఫోటోలో పెద్దగా తెలియదు, తెలిసినంత మేర తర్వాత చెరిపేయొచ్చు.

వారం చివరికి రావాల్సింది ఇది: అరుగు మీద అరచేతంత గోనె, నాలుగడుగుల దూరంలో మొహానికి ఆనించిన కెమెరా, పది లెక్క, నోరు తెరిచే ఉన్న కుక్క. పూటకి ఐదు నిమిషాలకి మించి కూర్చోబెట్టకండి, రోజుకి రెండు పూటలు చాలు. అది విసుగెత్తక ముందే ‘పద’ అని ఆపేయండి. రాకపోతే ఇదే పాఠం ఇంకో వారం. వచ్చే పాఠంలో స్నానం, దువ్వెన, గోళ్లు. షూటింగ్‌కి తేదీ పెట్టుకున్నవాళ్లు స్నానం ఆ రోజు పొద్దున కాకుండా రెండు రోజుల ముందుకి పెట్టుకోండి, అప్పటికి బొచ్చు సర్దుకుంటుంది.