మెకానికల్ వాచీ రోజుకు ఎన్ని సెకన్లు తప్పుతోందో ఇంట్లోనే చూసుకోవడం ఎలా?

శ్రీకాకుళంలో మా గృహప్రవేశం రోజు గుమ్మం ముందు అందరం నిలబడి ఉన్నాం. నా స్విస్ ఆటోమేటిక్ వాచీ ముహూర్తం అయిందంటుంది, పంతులుగారి ఫోను ఇంకో నిమిషం ఉందంటుంది. పాత హెచ్‌ఎంటీకి రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకునే మా చిన్నాన్న ఊరుకుంటాడా? "ఏట్రా, ఇన్ని లక్షలు పోసి కొన్నది కూడా తప్పు టైమే సూపిస్తాదేటి?" అన్నాడు. మర్నాడే రిపేరు షాపుకెళ్లాను. కంటికి అద్దం పెట్టుకుని కూర్చున్నాయన వాచీ ముట్టుకోకుండానే అడిగాడు: "రోజుకి ఎన్ని సెకన్లు?" నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు కోసం ఓ నోటుబుక్కు, పది రోజుల ఓపిక కావాలి.

ముందు ఎంత తేడా మామూలో తెలుసుకోండి. స్విట్జర్లాండ్‌లో సీఓఎస్‌సీ సంస్థ ఒక్కో మూవ్‌మెంట్‌ను, అంటే వాచీ లోపలి యంత్రాన్ని, అయిదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో, 15 రోజులు పరీక్షిస్తుంది. రోజుకు సగటున 4 సెకన్లు వెనకబడినా, 6 సెకన్లు ముందుకెళ్లినా క్రోనోమీటర్, అంటే కచ్చితమైన వాచీ అని సర్టిఫికెట్ ఇచ్చేస్తుంది. రోలెక్స్ తన వాచీలకు అటూ ఇటూ 2 సెకన్ల హద్దు పెట్టుకుంది. ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్లకు హద్దు 0 నుంచి +5. రోజుకు 86,400 సెకన్లు కదా, అందులో ఇదెంత? అయినా బ్యాటరీతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీకి నెలకు 15 సెకన్లే తేడా. అందులో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, మన స్ప్రింగు వాచీ చాలావరకు ఎనిమిది సార్లే టిక్కుమంటుంది. ఈ పోటీలో ఖరీదు పనిచేయదు.

ఇప్పుడు పని మొదలుపెడదాం. పోల్చడానికి ఆటోమేటిక్ టైము ఆన్‌లో ఉన్న ఫోను సరిపోతుంది. టీవీలో టైము వద్దు, ప్రసారమే కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అరసవల్లి స్వామి ఊళ్లోనే ఉన్నాడని సూర్యుణ్ణి చూసి దిద్దితే ఇంకా తప్పు. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖది, అది కాకినాడ దగ్గరగా పోతుంది. మనం దానికి తూర్పున ఉన్నాం కాబట్టి శ్రీకాకుళంలో సూర్యుడి టైము సగటున అయిదున్నర నిమిషాలు ముందుంటుంది.

వాచీకి పూర్తిగా కీ ఇవ్వండి. ఆటోమేటిక్ అయితే ముప్పై, నలభై చుట్లు చాలు. చేత్తో కీ ఇచ్చే రకమైతే బిగిసిన చోట ఆపేయాలి, ఇంకొంచెం అని తిప్పకూడదు. సెకన్ల ముల్లు 12 మీదికి రాగానే కీ బయటికి లాగితే ముల్లు ఆగుతుంది. నిమిషాల ముల్లును గీత మీద కచ్చితంగా నిలిపి, ఫోనులో సెకన్లు సున్నాకి రాగానే కీ లోపలికి నొక్కండి. కొన్ని పాత వాచీల్లో ముల్లు ఆగదు, వాటికి మొదటి రోజు తేడాను రాసుకుంటే చాలు.

తర్వాత రోజూ ఒకే వేళకు, రాత్రి భోజనానికి ముందు అనుకోండి, తేడా రాయండి, ముందుంటే +, వెనకుంటే -. మధ్యలో దిద్దకండి. +6, +12, +17, +23 ఇలా వస్తే మీ వాచీ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఒక్క రోజులో వచ్చిన మార్పు ఓ రోజు +2, మర్నాడు +14, ఆ పైన -5 ఇలా గెంతుతుంటేనే ఆలోచించాలి. నేను దృష్టి పెట్టేది దీని మీదే: ఎంత తప్పుతోందన్నదానికన్నా, రోజూ ఒకేలా తప్పుతోందా లేదా? గృహప్రవేశం నాటికి నా వాచీ దిద్ది పది రోజులైంది. పది రోజులకు ఒక నిమిషం, అంటే రోజుకు 6 సెకన్లు. అంత మాట పడేంత తప్పేం చేయలేదది.

రోజూ ఒకేలా ముందుకెళ్తుంటే షాపు దాకా పోనక్కర్లేకపోవచ్చు. రాత్రి విప్పి ఎలా పెడతామన్నదాన్ని బట్టి బ్యాలెన్స్ వీల్ (లోపల అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే చక్రం) వేగం కాస్త మారుతుంది. మూడు రాత్రులు వెల్లకిలా, మూడు రాత్రులు కీ పైకి ఉండేలా, మూడు రాత్రులు కీ కిందికి ఉండేలా పెట్టి, పొద్దున కూడా రాసుకోండి. ఏది వెనక్కి లాగుతుందో వాచీని బట్టి మారుతుంది. నాది కీ పైకి పెడితే రాత్రికి 3 సెకన్లు తగ్గుతుంది.

ఉన్నట్టుండి రోజుకు అరనిమిషమో, కొన్ని నిమిషాలో ముందుకు పరిగెడితే మొదట అయస్కాంతాన్ని అనుమానించండి. స్పీకర్లు, ఫోను కవరు మూతలు, బ్యాగు బటన్లు చాలు. బ్యాలెన్స్ వీల్‌కి ఉండే సన్నటి హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని వేగం పెరుగుతుంది. మామూలు దిక్సూచి మీదుగా వాచీని జరిపితే ముల్లు గట్టిగా కదులుతుందేమో చూడండి. అదే అయితే షాపులో అయస్కాంతం తీయడం నిమిషాల పని.

అంకెలు గజిబిజిగా ఉన్నా, పూర్తిగా కీ ఇచ్చినా తొందరగా ఆగిపోతున్నా సర్వీసింగ్ కావాలి, లోపల ఆయిల్ ఎండి ఉండొచ్చు. కళింగపట్నం, భీమిలి ఉప్పుగాలి తగిలే చోట అద్దం లోపల ఆవిరి కనిపిస్తే అంకెల కోసం ఆగకుండా అదే రోజు తీసుకెళ్లండి. వారంటీ ఉంటే వెనక మూత కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లే తీయాలి. వాచీతో పాటు నోటుబుక్కు కూడా ఇవ్వండి, టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి చూపించమనండి. టిక్కు విని వేగం చెప్పే యంత్రం అది. బ్యాలెన్స్ వీల్ ఎంత దూరం ఊగుతోందో చెప్పే ఆంప్లిట్యూడ్ అనే అంకె పూర్తి కీ మీద 270 నుంచి 300 డిగ్రీల దాకా ఉంటే బావున్నట్టు. 200 కన్నా కింద ఉంటే, ఊరికే వేగం సరిచేయించుకుని వచ్చేయకండి.