ఊరేగింపు గుర్రాన్ని డ్రెస్సాజ్ పోటీకి తయారు చేయడం

డ్రెస్సాజ్ అంటే ముందే చెప్పిన కదలికలను గుర్రంతో పొందికగా చేయించి చూపే పోటీ. ఇందులో జడ్జి ఒక్కో కదలికకు సున్నా నుంచి పది దాకా మార్కులేస్తారు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన జట్టుకు బంగారు పతకం తెచ్చిన కొలత కూడా అదే. కొత్తవాళ్ల టెస్టులో ముఖ్యంగా అడిగేవి నడక, ట్రాట్ (నడక కన్నా వేగంగా, లయగా సాగే పరుగు), 20 మీటర్ల వలయం, కదలకుండా నిలబడటం. గుర్రం ఖరీదుకు ఇందులో మార్కుల్లేవు. కాబట్టి పాలమూరులోనో నల్లగొండలోనో ప్రేమగా సాకుకుంటున్న మార్వాడీ గుర్రంతో నిశ్చింతగా దిగొచ్చు.

ముందు నేల చూసుకోండి. కావలసింది 20 బై 40 మీటర్ల స్థలం. మన చెల్క నేల ఎండాకాలం రాయిలా బిగుసుకుంటుంది, దాని మీద రోజూ ట్రాట్ చేయిస్తే గుర్రం కీళ్లు దెబ్బతింటాయి. పైపైన దున్నించి, పలుగురాళ్లు ఏరించి, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లండి. ఇసుక పోయిస్తే 5 సెంటీమీటర్ల మందం చాలు, దానికే 40 ఘనమీటర్లు పడుతుంది. లోతైన ఇసుకలో కాలి నరాలు లాగుతాయి. రేగడి నేలైతే వానాకాలం సాధన మానుకోవడమే మంచిది.

నాలుగు మూలలా మేకులు కొట్టాక ఐమూలగా ఎదురెదురు మూలల మధ్య దూరం కొలవండి. రెండు వైపులా 44 మీటర్ల 72 సెంటీమీటర్లు వస్తేనే మూలలు సరిగ్గా కుదిరినట్టు. పాత నూనె డబ్బాల మీద అక్షరాలు రాయించి, గడియారం ముల్లు తిరిగే దిక్కున పెట్టండి: ఏ, కె, ఈ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్. ఏ, సి పొట్టి వైపుల నడుమ ఉంటాయి. కె, హెచ్, ఎం, ఎఫ్ మూలకు 6 మీటర్ల దూరంలో, ఈ, బి పొడుగు వైపుల నడుమ. మైదానం నట్టనడుమ ఎక్స్, దానికి డబ్బా ఉండదు.

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది వలయం దగ్గరే. ఏ దగ్గర మొదలయ్యే 20 మీటర్ల వలయం పొడుగు వైపును మూల నుంచి 10 మీటర్ల దగ్గర తాకాలి, అంటే కె దాటి ఇంకో 4 మీటర్లు పోయాక. అలవాటుకొద్దీ కె దగ్గరే గీతను తాకితే వలయం కాస్తా పలకలు తేలిన డబ్బా అవుతుంది. మధ్య గీత మీద ఏ నుంచి 10 మీటర్ల దగ్గర మేకు కొట్టి, 10 మీటర్ల తాడు కట్టి, తాడు చివర పట్టుకొని ముగ్గు పోసుకుంటూ చుట్టూ తిరగండి. సున్నం వద్దు, తడి తగిలితే చర్మం మండుతుంది. ఆ గీత మీద ట్రాట్ చేయించి, దిగి డెక్కల గుర్తులు చూడండి. గుర్తులు ఎక్కడ లోపలికి వచ్చాయో అక్కడ మీ లోపలి కాలు ఒత్తిడి తగ్గింది. ఎక్కడ బయటికి పోయాయో అక్కడ బయటి పగ్గం వదులైంది. గుర్రాన్ని తిట్టాల్సిన పని లేదు.

బరాత్‌లలో ఆడిన గుర్రానికి ఇంకో చిక్కు ఉంది. పగ్గాలు బిగించి, తల ఎత్తించి, ఉన్నచోటే కాళ్లు ఆడించడం దానికి నేర్పి ఉంటారు. తల లేస్తే వెన్ను కుంగుతుంది, వెనక కాళ్లు కడుపు కిందికి రావు. ముళ్ల కళ్లెం ఉంటే ఈరోజే తీసి పారేయండి, 1965 నుంచీ చట్టం దాన్ని ఒప్పుకోదు. నున్నటి మామూలు కళ్లెం వేసి, రోజూ 20 నిమిషాలు పగ్గాలు వదిలి నడిపించండి. మెడ చాచి, వెనక డెక్క ముందు డెక్క గుర్తును దాటి పడుతోందంటే వెన్ను వదులైనట్టే. ఈ వదులు నడకకు చాలా టెస్టుల్లో మార్కులు రెట్టింపు, అయినా దీన్ని సాధన చేసేవాళ్లు తక్కువ.

కొన్ని మార్వాడీలకు రేవాల్ చాలు పుట్టుకతోనే వస్తుంది, ఒకే వైపు రెండు కాళ్లు కలిసి కదులుతాయి. ట్రాట్‌లో ఐమూలగా ఉన్న కాళ్లు, అంటే ముందు కుడి కాలు, వెనక ఎడమ కాలు, జతగా పడాలి. దొర్లకుండా కట్టిన నాలుగు జామాయిల్ కర్రలను 1.2 మీటర్ల ఎడంతో పరిచి, వాటి మీదుగా నెమ్మదిగా దాటించండి. వేగం పెంచితే మళ్లీ రేవాల్‌లోకే జారుతుంది.

ఎండాకాలం పొద్దున ఏడు దాటాక సాధన వద్దు.

పోటీకి హైదరాబాద్ తీసుకెళ్లేట్టయితే వారాల ముందే పశువైద్యుడిని కలిసి గ్లాండర్స్ (గుర్రాలకు వచ్చే అంటువ్యాధి) రక్తపరీక్ష, ఆరోగ్య ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. బయల్దేరే ముందు జ్వరం చూడండి, 38.5 డిగ్రీలు దాటితే బండి ఎక్కించొద్దు. ఇంటి మేతే వెంట ఉంచండి, మేత మారితే కడుపునొప్పి వస్తుంది.

బరిలో గంట మోగాక నిమిషం కూడా దొరక్కపోవచ్చు, ఏ దగ్గర్లోనే తిరుగుతూ ఉండండి. లోపలికి వస్తూనే చూపు సి మీద పెట్టండి, కింద చూస్తే గుర్రం వంకర పోతుంది. ఎక్స్ దగ్గర ఆగి, పగ్గాలు ఒక చేతిలోకి తీసుకొని, రెండో చెయ్యి కిందికి వదిలి తల వంచండి. గుర్రం పూర్తిగా నిలబడేదాకా సలామ్ చేయొద్దు.

మార్కుల షీటు చేతికొచ్చాక ఐదుకు తక్కువ పడ్డ కదలికల కింద గీత గీయండి. మర్నాడు గుర్రానికి సెలవు. ఎల్లుండి వాటితోనే మొదలుపెట్టండి.