ట్రౌట్, సాల్మన్ వేట: ముందు తేదీ కుదరాలి

చాలామంది సెలవు దొరికిన వారానికి టికెట్లు కొనేసి, ఆ తర్వాత ఏ నదికి వెళ్లాలా అని చూస్తారు. ఈ రెండు చేపల విషయంలో అది తలకిందుల పని. ఏ చేప కావాలో ముందు తేల్చుకోండి, నదీ తేదీ దాన్నిబట్టే తేలతాయి.

ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి. 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య చురుగ్గా మేస్తుంది. 5 కంటే తగ్గితే ఎర ముక్కు ముందు నుంచి పోయినా బద్ధకిస్తుంది. 20కి చేరితే గాలం పక్కన పెట్టేయండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, పెనుగులాడి అలసిన చేపను వదిలినా కోలుకోకపోవచ్చు. జేబులో చిన్న థర్మామీటరు ఉండాలి. వేసవిలో తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగించేలా, బస ఏటికి దగ్గర్లోనే తీసుకోండి.

సరస్సైతే లెక్క వేరు. మంచు కరిగిన కొత్తలో ట్రౌట్ ఒడ్డు దగ్గరికే వస్తుంది, పడవ అక్కర్లేదు. నడివేసవికి పైనీళ్లు వేడెక్కి, కింది చల్లనీళ్లతో కలవకుండా పొరలుగా విడిపోతాయి, చేప లోతుకు దిగుతుంది. అప్పుడు ఒడ్డున నిలబడి ఎంత విసిరినా దండగే. పడవ తీసుకోవాలి, లేదా చల్లటి వాగు వచ్చి కలిసే మూల వెతకాలి.

సాల్మన్ గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురెక్కి వస్తుంది. ఏ జాతి ఏ నదిలోకి ఏ వారాల్లో ఎక్కుతుందో మత్స్యశాఖల గత ఏళ్ల లెక్కల్లో చూడండి. పింక్ సాల్మన్ రెండేళ్లే బతుకుతుంది. కెనడాలోని ఫ్రేజర్ నదిలోకి బేసి సంవత్సరాల్లోనే గుంపులుగా వస్తుంది. సరి సంవత్సరంలో దానికోసం అక్కడికి వెళ్తే ఖాళీ చేతులే.

తేదీ కుదిరినా వాన కలిసిరావాలి. నీరు బాగా తగ్గి ఉంటే చేప నది మొగలోనే ఆగిపోతుంది, వాన పడి మట్టం పెరిగితే కదులుతుంది. బురదనీరు తేటపడుతూ మట్టం దిగడం మొదలైన ఒకటి రెండు రోజులే అసలు అదను. రెండ్రోజుల ప్రయాణంలో అది చిక్కడం అదృష్టమే, నాలుగైదు రోజులు పెట్టుకోండి. చాలా నదుల నీటిమట్టాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వారం ముందు నుంచే గమనించండి. పైన ఆనకట్ట ఉంటే నీళ్లు వదిలే వేళలు తెలియకుండా ఏట్లో దిగొద్దు.

అనుమతుల దగ్గర తొందరపడకండి. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏ ఒడ్డునైనా నిలబడే హక్కు రాదు, ఒకే నదిలో పై భాగానికీ కింది భాగానికీ వేర్వేరు నిబంధనలు ఉండొచ్చు. స్కాట్లండ్‌లో ఆదివారం సాల్మన్ పట్టకూడదు. న్యూజిలాండ్‌లో ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి ఉన్నిలాంటి బట్ట) అడుగున్న బూట్లు నిషేధం, నాచు జాతులు వాటికి అంటుకుని వేరే ఏటికి చేరతాయని. ఏ ఏటికి మారినా సామాను కడిగి, పూర్తిగా ఆరబెట్టే దిగండి.

ఫ్లై వేటకు, అంటే ఈకలూ దారంతో పురుగులా కట్టిన తేలికపాటి ఎరతో పట్టేందుకు, ట్రౌట్‌కి 9 అడుగుల 5 నంబరు రాడ్, సాల్మన్‌కి 8 లేదా 9 నంబరు (నంబరు పెరిగేకొద్దీ రాడ్ బలమైనది). స్పిన్నింగ్ (బరువున్న ఎరను విసిరి రీలుతో చుట్టి లాగే పద్ధతి) అయితే ట్రౌట్‌కి 4 నుంచి 6 పౌండ్ల బరువు తట్టుకునే లైను, పెద్ద సాల్మన్‌కి 15 నుంచి 20. చేజారిన చేపల్లో చాలావాటికి కారణం రాడ్ కాదు, ముడి. లైను కొసను కొక్కెం కన్నంలో దూర్చి, అసలు లైను చుట్టూ ఐదు చుట్లు తిప్పండి. కొసను వెనక్కి తెచ్చి కన్నం పక్కనున్న చిన్న సందులోంచి తీసి, అప్పుడేర్పడిన పెద్ద ఉచ్చులోంచి కూడా దూర్చండి. ఉమ్మితో తడిపి మెల్లగా బిగించండి. పొడిగా లాగితే రాపిడికి నైలాన్ వేడెక్కి సరిగ్గా అక్కడే తెగుతుంది.

ఏట్లో ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, బండరాయి వెనకో, వడినీరూ నిదానపు నీరూ కలిసే గీత మీదో కాచుకుంటుంది. దాని వెనక నుంచి, అంటే దిగువ నుంచి పైకి నడవండి. సాల్మన్‌కి పద్ధతి తిరగబడుతుంది. ఏట్లోకి వచ్చాక అది మేత మానేస్తుంది, గాలాన్ని కరిచేది చిరాకుతోనో పాత అలవాటుతోనో. మడుగు పైకొసన మొదలుపెట్టి, విసురుకో అడుగు చొప్పున కిందికి జరుగుతూ మడుగంతా గాలించండి. ఒకసారి పట్టించుకోని చేప మూడోసారికి కరవొచ్చు.

నీళ్లలో దిగేటప్పుడు వేడర్స్ (ఛాతీ దాకా వచ్చే, నీరు చొరని తొడుగు) నడుం బెల్టు బిగించుకోండి, పడితే లోపలికి నీరు తక్కువ చేరుతుంది. మోకాలు దాటిన వడిలో ఊతకర్ర లేకుండా అడుగు వేయొద్దు.

చేపను వదిలేయాలనుకుంటే, కొక్కెం మొన దగ్గరి ఎదురు ముల్లును ముందే పట్టకారుతో నొక్కేసి ఉంచాలి. చేతులు తడిపి, నీళ్లలోనే కొక్కెం తీసి, తల ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, తనంతట తాను ఈదేదాకా ఆగండి. తీసుకెళ్లేదైతే పొడవు కొలిచి నిబంధనకు సరిపోయిందో చూసుకోండి. వెంటనే తలమీద కొట్టి చంపి, మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, కడుపు శుభ్రం చేసి ఐసులో పెట్టండి. ఐసు పెట్టె ఖాళీగా తీసుకొచ్చి, చేప పడ్డాక ఐసు కోసం వెతికితే మాంసం మెత్తబడిపోతుంది.