కట్టెల స్టవ్ బిగించే ముందు జాగ్రత్తలు

అమెరికాలో ఇళ్లు ఎక్కువగా చెక్కతో కట్టినవే. చలికి కట్టెల స్టవ్ పెట్టించుకునేవారు ముందు ఇవి చూసుకోండి.

- ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ తీసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి.
- గోడకూ స్టవ్‌కూ ఎంత ఎడం ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది. టెస్టింగ్ లేబుల్ లేని పాత స్టవ్ అయితే 36 అంగుళాలు వదలాలి. చాలామంది గోడ ఒక్కటే చూస్తారు, సోఫా, కర్టెన్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.
- పొగగొట్టం కప్పు దాటాక కనీసం 3 అడుగులు లేవాలి. గొట్టానికి చుట్టూ 10 అడుగుల లోపున్న కప్పు భాగం కంటే 2 అడుగులు ఎత్తుండాలి. తక్కువైతే పొగ ఇంట్లోకే తిరిగొస్తుంది. పాత చిమ్నీ అయితే ముందు శుభ్రం చేయించి, పగుళ్లు ఉన్నాయేమో చూపించండి. లోపల పేరుకున్న క్రియోసోట్ (కట్టెల పొగ వల్ల పట్టే తారు లాంటి మసి) అంటుకుంటే ఇల్లే తగలబడొచ్చు.
- కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దయచేసి అలారం లేకుండా మొదటి మంట వెయ్యకండి.