గుల్ల చేతిలో ఉంది, పేరు దొరకడం లేదు: చిన్న సముద్రపు నత్తల్ని గుర్తుపట్టడంలో వచ్చే చిక్కులు

అంతర్వేదిలోనో, ఉప్పాడ ఒడ్డునో ఏరుకొచ్చిన చిన్న గుల్ల ఏ నత్తదో తెలియక చాలామంది మధ్యలోనే వదిలేస్తారు. మనందరం ముందు రంగు చూస్తాం, చిక్కు అక్కడే మొదలవుతుంది. గుల్లని బోర్లా తిప్పి ముందు నోరు చూడండి, అంటే నత్త బయటికొచ్చే రంధ్రం. తరవాత బొడ్డు, అంటే నోటి పక్కన అడుగున ఉండే గుంట. అది కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఆ తరవాత చుట్లు. రంగు అన్నిటికన్నా ఆఖరు.

ఆకారం కలిసింది, రంగు కలవడం లేదు

ఒకే జాతిలో పది రంగులుండటం మామూలే. చొక్కా గుండీ అంత ఉండి నున్నగా మెరిసే అంబోనియం వెస్టియారియం గుల్లలు గుప్పెడు తీసి అరచేతిలో పరవండి. బూడిద రంగుది, గులాబీది, గోధుమ రంగుది, మెలికల గీతలది, ఏ రెండూ ఒకలా ఉండవు. పైగా ఎండకి వెలిసిపోతాయి. అందుకని తిరగేసి చూడండి. గుల్ల బిళ్ళలా చదునుగా ఉండి, బొడ్డు ఉండాల్సిన చోట నున్నటి మెత్త అతికించినట్టు మూసుకుపోయి ఉంటే అది అంబోనియమే. గుండ్రంగా ఉబ్బి, నోరు అర్ధచంద్రాకారంలో ఉండి, పక్కన గుంట కనిపిస్తే నాటికా కుటుంబపు పిల్ల నత్త అయ్యే అవకాశం ఎక్కువ.

పొడుగ్గా, మొనదేలి ఉంది. రెండు పేర్లు సరిపోతున్నాయి

నన్ను ఎక్కువగా తికమక పెట్టింది ఇదే. కోరింగ మడ అడవుల పక్కన సముద్రం పాటు మీద ఉన్నప్పుడు బురద మీద వేలల్లో కనిపించేది పిరెనెల్లా సింగులాటా. ఒడ్డుకి కొట్టుకొచ్చేది టరిటెల్లా. మొదట్లో రెండిటినీ ఒకే డబ్బాలో వేసేదాన్ని, ఎందుకంటే రెండూ చిన్న మేకుల్లాగే ఉంటాయి. భూతద్దం పెడితే తేడా తెలిసింది. పిరెనెల్లా చుట్ల మీద పూసలు గుచ్చినట్టు బుడిపెల వరసలుంటాయి, నోటి కింది అంచున చిన్న నొక్కు ఉంటుంది. టరిటెల్లా మీద పూసలుండవు, దారం చుట్టినట్టు గీతలుంటాయి. నోరు దాదాపు గుండ్రం, నొక్కు లేదు.

ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. పుస్తకంలో పిరెనెల్లాకి నోటి పెదవి దళసరిగా, బయటికి విచ్చుకుని ఉంటుంది. మీ దానికి పల్చగా ఉందంటే వేరే జాతి అనుకోకండి. నత్త పూర్తిగా ఎదిగాకే ఆ పెదవి వస్తుంది. గవ్వలు కూడా అంతే. పిల్ల గవ్వకి పళ్ళు, అంటే నోటి అంచున వరసగా ఉండే గాట్లు, ఉండవు, నోరు వెడల్పుగా ఉంటుంది, గవ్వ అంటే ఎవరూ నమ్మరు. అలాంటప్పుడు అదే చోట దొరికిన చిన్నవి, పెద్దవి ఒక వరసలో పేర్చండి. పెద్దది ఏదో తెలిస్తే చిన్నవాటి పేరు కూడా చాలావరకు తెలిసిపోతుంది.

మొన అరిగిపోయి బుడిపెలు కనిపించకపోతే నోటికి దగ్గరగా ఉన్న చుట్టు చూడండి. అది కొత్తగా పెరిగింది కాబట్టి గుర్తులు మిగిలి ఉంటాయి.

సముద్రపు నత్తల్లో ఎంత వెతికినా లేదు

బీచ్‌లో దొరికినవన్నీ సముద్రానివే కావాలని లేదు, మన డెల్టాలో మరీను. వరదల రోజుల్లో గోదావరి పాయల వెంట గుర్రపుడెక్క తెప్పలుగా సముద్రంలోకి పోయి మళ్ళీ ఒడ్డుకి చేరుతుంది. దాని వేళ్ళకి పట్టుకుని కాలవల్లోని, చేలల్లోని నత్తలూ వస్తాయి. పచ్చటి ఛాయ మీద ముదురు చారలుండే ఫిలోపలుడినా అలాంటిదే. మెలనాయిడిస్ ట్యూబర్కులేటా అయితే ఇంకా ఇబ్బంది: పొడుగ్గా, మొనదేలి, ఎర్ర మచ్చలతో ఉంటుంది కాబట్టి పైన చెప్పిన రెండిటితో కలిసిపోతుంది.

తేల్చుకోవడానికి గుల్ల పైపొర చూడండి. మంచినీటి నత్తకి ఆకుపచ్చ, గోధుమ కలిసిన పల్చటి తొక్క ఉంటుంది. ఎండితే గోటితో గీకినప్పుడు ఉల్లిపొరలా లేస్తుంది. నోటి అంచున నొక్కు ఉండదు. అయితే ఈ ఒక్క గుర్తుతో తేల్చకండి, నొక్కు లేని సముద్రపు నత్తలూ ఉన్నాయి. తొక్క, నోరు, దొరికిన నెల, మూడూ కలిపి చూడండి.

గుల్లకి గుండ్రటి చిల్లు ఉంది

ఇది జాతి గుర్తు కాదు, వేటాడిన గుర్తు. చిల్లు బయట వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా ఉంటే సాధారణంగా నాటికా కుటుంబపు నత్త తొలిచిందని అర్థం. అంచులు నిటారుగా ఉంటే ఎక్కువగా మ్యూరెక్స్ అనే మరో వేటాడే నత్తల కుటుంబం పని.

నోరు ఎడమ వైపుకి వచ్చింది

ముందు ఫోటో చూసుకోండి. కొన్ని ఫోన్లలో సెల్ఫీ కెమెరా బొమ్మని అద్దంలోలా తిప్పేస్తుంది. ఫోటో సరిగ్గానే ఉంటే గుల్లని మొన పైకి, నోరు మీ వైపుకి ఉండేలా పట్టుకోండి. చాలా నత్తలకి నోరు కుడి చేతి వైపే ఉంటుంది. శంఖం విషయంలో మనవాళ్ళు మొన కిందికి పెట్టి చూస్తారు కాబట్టి లెక్క తారుమారవుతుంది. దక్షిణావర్త శంఖం అని పూజలో పెట్టేది శాస్త్రం లెక్కలో ఎడమ చేతిది. రెండు పద్ధతులూ కలిపేస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఫోటో పంపితే ఎవరూ చెప్పలేకపోతున్నారు

ఒక్క ఫోటో చాలదు. నోటి వైపు, వీపు వైపు, మొన మీద నుంచి మూడు తీయండి. పక్కన రూపాయి నాణెం కాకుండా స్కేలు పెట్టండి. పాత రూపాయికీ 2019 తరవాత వచ్చిన రూపాయికీ సైజులో తేడా ఉంది, ఒక సెంటీమీటరు గుల్లకి ఆ తేడా చాలా ఎక్కువ. ఇసుకా, బురదా, మడచెట్టు కాండమా, ఎక్కడ దొరికిందో తప్పకుండా రాయండి. గుల్లలోంచి కాళ్ళు బయటికొస్తే అది ఖాళీ గుల్లలో చేరిన పీత. ఆ గుల్ల అది ఎక్కడి నుంచో మోసుకొచ్చింది కావచ్చు, కాబట్టి దొరికిన చోటుని ఆధారంగా తీసుకోకండి.

కోరింగ అభయారణ్యంలో ఏదీ ఏరకండి, ఫోటో తీసి అక్కడే వదిలేయండి. శంకువు ఆకారంలో ఉండి, నోరు పొడవునా సన్నటి చీలికలా ఉన్న నత్త బతికి ఉంటే అసలు చేత్తో ముట్టుకోవద్దు. అది కోనస్ కావచ్చు, దానికి విషపు ముల్లు ఉంటుంది. కొన్ని జాతుల కాటుకి మనుషులు చనిపోయారు కూడా. పిల్లల్ని తీసుకెళ్ళేముందే ఈ ఆకారం వాళ్ళకి బొమ్మ గీసి చూపించండి.