పెళ్లి ప్రమాణాలు సొంతంగా రాసుకునే ముందు

పెన్ను పట్టకముందే ఇద్దరూ కూర్చుని ఎంతసేపు చెప్పాలి, సరదాగా ఉండాలా గంభీరంగా ఉండాలా అన్నది తేల్చుకోండి, లేకపోతే ఒకరు రెండు వాక్యాలతో ముగించి ఇంకొకరు 10 నిమిషాలు చదివితే ఇద్దరికీ ఇబ్బందే. ఒక్కొక్కరికి 1-2 నిమిషాలు చాలు.

– పెళ్లి జరిపించేవారిని ముందే అడగండి. కొన్ని దేశాల్లో చట్టప్రకారం పలకాల్సిన మాటలు వేరే ఉంటాయి, మీరు రాసుకున్నవి వాటికి అదనమే తప్ప బదులు కావు.

– పాత ప్రేమలు, డబ్బు గొడవలు, అవతలి మనిషి మీ ఒక్కరికే చెప్పుకున్న బాధలు, ఇవేవీ అందులో రాకూడదు. నాకైతే అన్నిటికన్నా ఇదే ముఖ్యం, ఎందుకంటే అంతమంది ముందు మైకులో అన్న మాటను వెనక్కి తీసుకోలేం, అది విన్న మనిషి నవ్వుతూ నిలబడాల్సి వస్తుంది.

– "ఎప్పుడూ కోప్పడను" అని రాయొద్దు, నిలబెట్టుకోలేరు. "కోపం వచ్చినా మాట్లాడటం మానను" అనండి, అది చేయగలిగే పని.

– చివరి వారం దాకా ఆగొద్దు. పైకి చదివి టైమ్ చూసుకోండి, నోరు తిరగని వాక్యాన్ని రెండు చేయండి.

– ఫోన్‌ను నమ్ముకోకుండా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇంకో కాపీ దగ్గరి స్నేహితుల చేతికివ్వండి, ఆ టెన్షన్‌లో ఎక్కడ పెట్టామో గుర్తుండదు.