పట్నంలో హత్యలు ఎక్కువా, పల్లెలోనా? లెక్క తేల్చే పద్ధతి

కేసుల సంఖ్యను చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేము. లక్ష జనాభాకు ఎన్ని హత్యలో లెక్కకట్టాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశమంతటా 28,522 హత్య కేసులు నమోదయ్యాయి, రేటు 2.1. మీకు వచ్చే ప్రతి అంకెనూ దీని పక్కన పెట్టి చూడండి.

ముందుగా దేన్ని లెక్కిస్తున్నారో నిర్ణయించుకోండి. వరకట్న మరణాలు హత్యల పద్దులో చేరవు, వాటి పట్టిక వేరు. ఒకే ఘటనలో ముగ్గురు బలైనా కేసు ఒకటే కావచ్చు కనుక, మృతుల సంఖ్య తీసుకుంటే రెండు వైపులా అదే తీసుకోవాలి.

ఎక్కువమంది పొరబడేది జనాభా దగ్గర. ఇరవై లక్షలు దాటిన 19 మహానగరాలకు బ్యూరో విడిగా రేట్లు ఇస్తుంది కానీ, వాటిని 2011 జనగణన సంఖ్యతో భాగిస్తుంది. రాష్ట్రాల రేట్లకు మాత్రం ఆ ఏటి అంచనా జనాభాను వాడుతుంది. ఉదాహరణకు, అప్పుడు 40 లక్షలున్న నగరం ఇప్పుడు 50 లక్షలకు పెరిగిందనుకుందాం. వంద హత్యలు జరిగితే పాత జనాభాతో రేటు 2.5, నేటి జనాభాతో 2. పెరిగిన జనాన్ని లెక్కలోకి తీసుకోకుండా నగరాన్ని నిందించడం అన్యాయం. రెండు వైపులా ఒకే ఏటి జనాభాతో మీరే భాగించండి.

మహానగరం కానిదంతా పల్లె అనుకోవడం ఇంకో పొరపాటు. మిగిలినదాంట్లో వేలాది పట్టణాలున్నాయి. పోలీసు హద్దులు కూడా జనగణన హద్దులతో కలవవు: 2016లో ఏర్పడిన రాచకొండ పోలీసు కమిషనరేట్‌లో హైదరాబాద్ నగర శివార్లతో పాటు భువనగిరి వైపు పల్లెలనూ చేర్చారు. అందుకే సమాచార హక్కు చట్టం కింద స్టేషన్లవారీగా అంకెలు అడిగి, ఒక్కో స్టేషన్ పరిధిలోని ఊళ్లను జనగణన పట్టికతో సరిచూసుకోవడమే, శ్రమ ఎక్కువైనా, నమ్మదగిన దారి.

నలభై వేల జనాభా ఉన్న మండలంలో ఏడాదికి ఒక హత్య జరిగితే రేటు 2.5, రెండు జరిగితే 5. కాబట్టి కనీసం ఐదేళ్ల అంకెలు కలిపి సగటు తీయండి.

చివరగా, హత్యాయత్నం కేసులనూ పక్కనే రాసుకోండి. కత్తిపోటు తిన్న మనిషి బతకడం ఆసుపత్రి ఎంత దూరమన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. పల్లెల్లో హత్యాయత్నాలు తక్కువగా ఉండి హత్యలు ఎక్కువగా కనిపిస్తే, అక్కడ హింస ఎక్కువనే ముందు అంబులెన్స్ ఎంతసేపటికి చేరుతోందో కనుక్కోండి.